‘మంచి కోడ్‌కు కామెంట్లు అక్కర్లేదు’ అన్న వాదనకు జవాబు

బెంగళూరులో పనిచేసే తెలుగు ఇంజనీర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాదన పదేపదే షేర్ అవుతోంది. మంచి కోడ్ తనంతట తానే అర్థమవుతుందనీ, చదివేవారి కోసం కోడ్ మధ్యలో కామెంట్ (వివరణ) రాయాల్సి వచ్చిందంటే కోడ్ రాయడం చేతకానట్టేననీ, కామెంట్లు ఎలాగూ పాతబడి తప్పుదోవ పట్టిస్తాయనీ, చరిత్ర కావాలంటే కోడ్‌లో మార్పులన్నిటినీ నమోదు చేసే గిట్, వివరణ కావాలంటే ఏఐ ఉన్నాయనీ దాని సారాంశం. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు దీన్ని నియమంగా పట్టుకుని, తోటివాళ్ల కోడ్‌ను సరిచూసే రివ్యూల్లో, అప్పటికే ఉన్న కామెంట్లను కూడా తీయించేస్తున్నారు కాబట్టి ఒక్కొక్క మాటనూ విడిగా పరిశీలించాలి.

మొదటి మాటలో సగం నిజముంది. పేర్లు సరిగ్గా పెట్టి, ఫంక్షన్లను చిన్నవిగా ఉంచితే కోడ్ ఏం చేస్తోందో చదివేవారికి తెలుస్తుంది; ‘కౌంటర్‌ను ఒకటి పెంచుతున్నాం’ వంటి కామెంట్లు నిజంగానే దండగ. కానీ అలాగే ఎందుకు చేయాల్సి వచ్చిందో, తేలిగ్గా కనిపించే మరో దారిని ఎందుకు వదిలేశారో ఏ పేరులోనూ ఇమడదు. కోరమంగళలోనో బెళ్లందూరులోనో చెల్లింపుల సాఫ్ట్‌వేర్ రాసే టీమును తీసుకోండి. యూపీఐ లావాదేవీ టైమౌట్ అయినప్పుడు, అంటే గడువులోగా జవాబు రానప్పుడు, రిక్వెస్ట్‌ను వెంటనే మళ్లీ పంపకుండా ముందు స్టేటస్ అడిగే లైన్ ఒకటి ఉంటుంది. కారణం తెలియనివారికి అది అదనపు కాల్‌గానే కనిపిస్తుంది, తీసేస్తే వేగం పెరుగుతుందనిపిస్తుంది. ‘టైమౌట్ వచ్చినంత మాత్రాన డబ్బు కట్ కాలేదనుకోవద్దు, నేరుగా మళ్లీ పంపితే రెండోసారి కట్ కావచ్చు’ అని పైన రాసి ఉంటే తీసేయబోయిన చేయి ఆగుతుంది.

ఇది ఊహించుకున్న భయం కాదు. 2006లో డెబియన్ లినక్స్ నిర్వాహకుడొకరు, ఇనిషియలైజ్ చేయని (తొలి విలువ ఇవ్వని) మెమరీ వాడుతున్నారని వాల్‌గ్రైండ్ అనే టూల్ హెచ్చరించడంతో, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌లో అచ్చం ఒకేలా ఉన్న రెండు లైన్లను పక్కన పెట్టేశారు. ఒకదాని పక్కన ప్యూరిఫై అనే మరో టూల్ దీనిపై ఫిర్యాదు చేస్తుందన్న చిన్న కామెంట్ ఉంది; అది పోయినా పెద్ద నష్టం లేదు. సేకరించిన ఎంట్రోపీని, అంటే ఎవరూ ఊహించలేని సమాచారాన్ని, పూల్‌లో (దాన్ని పోగుచేసే చోట) కలిపే రెండో లైన్ పక్కన మాత్రం ఏమీ లేదు. అదీ పోవడంతో రహస్య కీల తయారీకి మూలమైన సీడ్‌లో మారేది ప్రాసెస్ ఐడీ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఇచ్చే నంబరు) ఒక్కటే అయింది, అంటే గరిష్ఠంగా 32,768 విలువలు. 2008 మేలో లోపం బయటపడేదాకా డెబియన్, ఉబుంటు యంత్రాలపై తయారైన, సర్వర్లలోకి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీలు ఎవరైనా కనిపెట్టగలిగేవిగా ఉండిపోయాయి. ఒకే ఫంక్షన్‌ను ఒకేలా పిలిచిన రెండు చోట్లలో ఒకటి తీయవచ్చనీ, మరొకటి తీయకూడదనీ ఆ లైన్లు వాటంతటవి చెప్పలేకపోయాయి.

కామెంట్లు పాతబడతాయన్నది నిజమే. కోడ్‌కు విరుద్ధంగా ఉన్న కామెంట్ కన్నా కామెంట్ లేకపోవడమే మేలని పైథాన్ ప్రోగ్రామింగ్ భాష శైలి నియమావళి పెప్ 8 కూడా అంటుంది. అయితే ఆ వెంటనే, కోడ్ మారినప్పుడు కామెంట్‌నూ మార్చడానికి ప్రాధాన్యమివ్వమంటుందే గానీ రాయడం మానేయమనదు.

ఒక లైన్ చరిత్ర కోసం వాడే గిట్ బ్లేమ్ ఆదేశం చూపేది ఆ లైన్‌ను చివరిగా తాకిన కమిట్‌ను, అంటే గిట్‌లో నమోదైన మార్పును. కోడ్ అమరికను సరిచేసే ఫార్మాటర్ ఒక్కసారి నడిపితే చాలు, అది మార్చిన లైన్లన్నిటికీ ఆ కమిట్ పేరే కనిపిస్తుంది. 2019లో గిట్ 2.23 అలాంటి కమిట్లను దాటవేసే వీలు కల్పించినా, ‘బగ్ ఫిక్స్’ అని మాత్రమే రాసిన కమిట్ దగ్గరికి చేరి ప్రయోజనం లేదు. పైగా అనుమానం వచ్చినవాళ్లే చరిత్ర తిరగేస్తారు. అనుమానమే రానివాళ్లను ఆపగలిగేది కళ్లముందున్న కామెంటే.

ఇంతకన్నా నన్ను బాధించేది, ‘రాసినవాళ్లనే అడిగితే సరిపోతుంది కదా’ అన్న ధోరణి. టీములో తెలుగువాళ్లం నలుగురం ఉంటే కారణాలన్నీ టీ దగ్గర తెలుగులోనే తేలిపోతాయి. పక్క సీట్లోని కన్నడ, తమిళ సహోద్యోగులకు అవి చేరవు. ఉద్యోగాలు ఇంత తరచుగా మారే ఊళ్లో, నోటీసు పీరియడ్ చివర హడావిడిగా ఇచ్చే కేటీలో (పని అప్పగింతలో) ఇలాంటివి గుర్తుకు రావు కూడా.

ఇక ఏఐ. కోడ్ ఏం చేస్తుందో అది చక్కగా వివరిస్తుంది. ఫలానా బ్యాంకు ఆలస్యంగా జవాబిస్తుంది కాబట్టి ఇంతసేపు ఆగాలని ఎవరో ఫోన్లో తేల్చుకున్న సంగతి తనకిచ్చిన ఫైళ్లలో లేనప్పుడు, అది చెప్పగలిగేది ఊహ మాత్రమే. ఆ ఊహను నమ్మి మార్పు చేస్తే పర్యవసానం పడేది ఖాతాదారు మీద.