మిల్లు ముందు మున్సిపాలిటీ

పారిశుద్ధ్య కార్మికులకు రెండు నెలలుగా జీతాల్లేవు. రైస్‌మిల్లు యజమాని ఒకరు ముందుకొచ్చి ఆ బకాయి మొత్తం తన జేబులోంచి ఇచ్చారు. అప్పటినుంచి ఆ చిన్న పట్టణం పేరు వాట్సాప్ గ్రూపుల్లో మారుమోగుతోంది. ఇలాంటివాళ్లు ఊరికొకరు ఉండాలని అందరూ అంటున్నారు. ఉండాలి, మేమూ కాదనం. అయితే తిరుగుతున్న ఆ ఫొటోను ఒక్కసారి నిదానంగా చూడండి. లారీలు తూచే కాంటా పక్కన ఆరెంజ్ జాకెట్లు వేసుకున్న ఆడవాళ్లు వరుసగా నిలబడ్డారు. టేబుల్ దగ్గర మిల్లు గుమాస్తా, ఎదురుగా తెల్ల కవర్లు, సంతకం రానివాళ్ల వేలిముద్రకు స్టాంప్ ప్యాడ్. దాత పక్కన కుర్చీలో మున్సిపల్ కమిషనర్. తలదించుకోవాల్సిన చోట ఆయన కెమెరా వైపు చూసి నవ్వుతున్నారు.

మా కోపం దాత మీద కాదు, ఆ కుర్చీ మీద. సొంత కార్మికుల జీతానికి చేయి చాచిన అధికారి, దాన్ని పండగలా జరిపించారు. ఆయనకు ఎవరూ మెమో ఇవ్వలేదు సరికదా, 'చొరవ' అంటూ పైనుంచి మెచ్చుకోళ్లు వచ్చాయట. హైదరాబాద్‌లో ఏసీ గదుల్లో కూర్చున్న పురపాలక శాఖ పెద్దలకు ఇందులో తప్పేమీ కనిపించలేదంటే, రేపు ప్రతి కమిషనరూ తన ఊళ్లో ఒక మిల్లు కోసమో, ఒక క్వారీ కోసమో వెతుక్కోవడం ఖాయం.

చట్టంలో తికమకేమీ లేదు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. అది తెచ్చిన 12వ షెడ్యూల్ అంటే మున్సిపాలిటీల పనుల జాబితా; అందులోని 18 అంశాల్లో తాగునీరు, పారిశుద్ధ్యం, చెత్త తొలగింపు ఉన్నాయి. కార్మికులు మా వాళ్లు కాదు, ఏజెన్సీ వాళ్లని తప్పించుకోవడానికీ లేదు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమానే కట్టాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం చెప్పింది. కొత్త లేబర్ కోడ్‌లోనూ ఆ బాధ్యత పోలేదు. ఇక్కడ అసలు యజమాని మున్సిపాలిటీ. మిల్లు కాదు.

ఆ తెల్ల కవరులో లేనివి కూడా ఉన్నాయి. పీఎఫ్ లేదు. ఈఎస్ఐ లేదు. జీతం సక్రమంగా బ్యాంకు ఖాతాలో పడితే యజమాని వాటాగా పీఎఫ్‌కు 12 శాతం, ఈఎస్ఐకి 3.25 శాతం జమ కావాలి. మోరీలో దిగి రోగం తెచ్చుకున్న మనిషికి ఆస్పత్రిలో పనికొచ్చేది ఆ జమే. ఏజెన్సీ మరి ఆ రెండు నెలలూ ఏం రాసుకుంటుంది? కమిషనర్ గారి రికార్డులో బకాయి తీరినట్టా, తీరనట్టా? రేపు సర్కారు నుంచి బిల్లు పాసై వస్తే ఆ సొమ్ము ఎవరి ఖాతాలో పడుతుంది? చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కరూ ఈ ప్రశ్న వేయలేదు.

నిజమే, పొయ్యి మీద కుండ ఎక్కని ఇంట్లో చట్టం మాట్లాడటం తేలిక. ఆ డబ్బు తీసుకున్న కార్మికులను ఎవరూ తప్పుపట్టలేరు. కానీ వాళ్ల ఆకలిని అడ్డం పెట్టుకుని అధికారులు తమ తప్పు దాచుకుంటుంటే ఊరుకోలేం.

దాతలు ఈ గడ్డకు కొత్త కాదు. 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1918లో రెడ్డి హాస్టల్ పదిమంది చేయి వేస్తేనే నిలబడ్డాయి. అదే హైదరాబాద్‌లో 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించి, 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టి, 1920కల్లా గండిపేట, 1927కల్లా హిమాయత్‌సాగర్ కట్టింది సర్కారే. పుస్తకాలకు, హాస్టళ్లకు చందాలు ఎత్తారు గానీ ఊరి నీళ్లకు, మురుగుకు ఎత్తలేదు. నిజాం కాలంలో అర్థమైన ఈ తేడా ఇంటిపన్ను, నల్లా బిల్లు ముక్కుపిండి వసూలు చేసే నేటి మున్సిపాలిటీకి అర్థం కాదా?

అసలు భయం ఇక్కడే ఉంది. ఆ మిల్లు ఆస్తిపన్ను ఎంతో లెక్కగట్టేది ఎవరు? కమిషనర్. ఊక దుమ్ము ఇళ్ల మీద పడుతోందని పక్క బస్తీవాళ్లు మొరపెట్టుకుంటే ముందు చూడాల్సింది ఎవరు? ఆయనే. రేపు అదే యజమాని ఫంక్షన్ హాల్‌కు పర్మిషన్ అడిగితే, సెట్‌బ్యాక్, అంటే కట్టడం చుట్టూ ఉండాల్సిన ఖాళీ జాగా, వదిలారా లేదా అని టేపు పట్టుకుని వెళ్లేది ఆయన సిబ్బందే. తమ జీతాలిచ్చిన చేతి ముందు ఆ టేపు ఎంత పొడవు సాగుతుంది? ఈ దాతకు అలాంటి ఆలోచన ఉందని మేం అనడం లేదు. ఆయన మంచివారే కావచ్చు. కానీ ఆయన చూపిన దారిలో తర్వాత వచ్చేవారు లేఅవుట్ ఫైలు చంకన పెట్టుకునే వస్తారు.

పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు చేస్తే 2013 కంపెనీల చట్టం ప్రకారం కనీసం పద్దులైనా చూపాలి. మిల్లు గల్లాపెట్టెలోంచి వచ్చిన నోట్లకు ఆ పద్దూ లేదు. పైగా దాతకు నిజమైన మేలు కూడా చేయలేదు మన అధికారులు. వచ్చే నెల జీతం ఆగితే కార్మికులు ధర్నాకు వెళ్లేది మున్సిపల్ ఆఫీసుకు కాదు, ఆయన గేటుకే. ఇవ్వకపోతే నిన్న దేవుడన్న నోళ్లే పిసినారి అంటాయి.

ఆఫీసు గోడకు 'ఆపద్బాంధవుడు' అంటూ ఫ్లెక్సీ కట్టారు. మూలన పాస్‌పోర్టు సైజులో కమిషనర్ ఫొటో. సొమ్మొకడిది, సోకొకడిది. ఫ్లెక్సీ డిజైన్‌కు, శాలువాకు, ఫొటోగ్రాఫర్‌కు తీరిక దొరికిన అధికారికి, రెండు నెలలుగా ఏజెన్సీకి ఒక నోటీసు పంపే తీరిక దొరకలేదా? అయ్యా, ముందు ఆ ఫ్లెక్సీ విప్పండి. దాత ఇచ్చిన మొత్తాన్ని లెక్కకట్టి చెక్కు రూపంలో ఆయనకు తిరిగివ్వండి. కార్మికుల పీఎఫ్, ఈఎస్ఐ బకాయి కట్టించండి. ఈ నెల జీతం వాళ్ల ఖాతాల్లో వేసి, కావాలంటే అప్పుడు ఫొటో దిగండి.