జాంబీగారికి ఒకటే డైలాగా?

1992 అక్టోబరు 29న అమెరికా టీవీలో షేక్‌స్పియర్‌ని తుపాకీతో కాల్చేశారు. ఆయన అంతకు 376 ఏళ్ల ముందే పోయారు కాబట్టి పోలీసు కేసు కాలేదు. అంతమాత్రాన మనం ఊరుకుంటే ఎలా?

అది 'ది సింప్సన్స్' అనే కార్టూన్ సీరియల్‌లో హాలోవీన్ (దయ్యాల పండగ) ఎపిసోడ్. చచ్చిపోయిన పిల్లిని బతికించుకుందామని బార్ట్ అనే పిల్లాడు నెత్తిన మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ఆల్బమ్ పెట్టుకుని మంత్రం చదువుతాడు. దెబ్బకి మనుషుల శ్మశానం లేచి కూర్చుంటుంది, శవాలన్నీ జాంబీలై (నడిచే పీనుగులై) బయల్దేరతాయి. ఇంతకీ ఆ మంత్రం ఏమిటంటే, "కల్లెన్, రేబర్న్, నార్జ్, ట్రెబెక్..." నలుగురూ టీవీ గేమ్ షో యాంకర్లే. 'హామ్లెట్' రాసిన మహానుభావుణ్ణి లేపడానికి యాంకర్ల నామస్మరణ సరిపోయిందన్నమాట. టీవీ మహిమ తెలిసినవాళ్లం, దీన్ని కాదనలేం.

తర్వాత బడిలో బార్ట్ తండ్రి హోమర్ వరసపెట్టి వాషింగ్టన్‌ని, ఐన్‌స్టీన్‌ని, షేక్‌స్పియర్‌ని కాల్చేస్తాడు. నా మొదటి అభ్యంతరం ఐన్‌స్టీన్ గురించి. 1955లోనే కాల్చేసి బూడిద కూడా చల్లేసిన మనిషిని మళ్లీ కాల్చడం ఏమిటి? షేక్‌స్పియర్ సంగతి వేరు. సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్ చర్చిలో ఆయన సమాధి ఉంది, దానిమీద 'నా ఎముకలు కదిపినవాడికి శాపం' అని పద్యమూ ఉంది. 2016లో ఆ సమాధిని రాడార్‌తో పరీక్షించినవాళ్లు ఆయన పుర్రె ఎవరో ఎత్తుకుపోయి ఉంటారన్నారు. కార్టూన్‌లో మాత్రం తలతో సహా వచ్చారు, సంతోషం.

అసలు గొడవ డైలాగు దగ్గర. గుండు తగిలాక ఆయన అనే మాట ఒక్కటే: "జాంబీ షేక్‌స్పియర్‌కి ఇదేనా అంతం?" 1931 నాటి 'లిటిల్ సీజర్' సినిమాలో రికో అనే గూండా చచ్చిపోతూ అనే మాటకి ఇది పేరడీ. మహాకవి నోట గూండా డైలాగా అని ముందు మండిపడ్డాను. తర్వాత ఆయన నాటకాల పుస్తకం తిరగేస్తే నోరు పడిపోయింది. 'జూలియస్ సీజర్'లో పెద్ద సీజరూ అంతే, "అయితే పడిపో, సీజర్" అని తన పేరు తనే చెప్పుకుని మరీ పోతాడు. 'హామ్లెట్'లో తెర వెనక దాక్కున్న మంత్రి పొలోనియస్ "అయ్యో, చచ్చాను" అని అనౌన్స్ చేస్తాడు. హామ్లెట్ అయితే "చచ్చాను, హొరేషియో" అన్నాక కూడా మాట్లాడుతూనే ఉంటాడు, కొత్త రాజు ఎన్నికలో నార్వే యువరాజు ఫోర్టిన్‌బ్రాస్‌కి ఓటు కూడా వేశాక గానీ ప్రాణం విడవడు. కాబట్టి ఆ డైలాగు అచ్చంగా ఆయన బాణీయే. అభ్యంతరం వాపసు తీసుకుంటున్నాను.

నిడివి విషయంలో మాత్రం తగ్గేది లేదు. 'హామ్లెట్' నాటకంలో హామ్లెట్ తండ్రి దయ్యం వేషం షేక్‌స్పియరే వేసేవారని 1709లో ఆయన జీవితం రాసిన నికొలస్ రో చెప్పాడు. ఆ దయ్యం కొడుకుని పక్కకి పిలిచి, తను ఎలా చచ్చిందో, తన చెవుల్లో ఎవరు విషం పోశారో తీరిగ్గా వర్ణిస్తుంది. అంత అనుభవం ఉన్న సీనియర్ నటుణ్ణి సముద్రం దాటించి తెచ్చి, దయ్యం నుంచి జాంబీగా ప్రమోషన్ ఇచ్చి, ఒక్క లైనుతో సరిపెట్టారు. మా ఊరి పద్యనాటకంలో అయితే కనీసం ఒక వన్స్‌మోర్ పడేది.