ఎమర్జెన్సీ అయితే డ్రోన్‌కు పర్మిషన్ అక్కర్లేదా?

కార్చిచ్చో తుఫానో వచ్చినప్పుడల్లా అమెరికాలోని డ్రోన్ పైలట్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతుంది. సారాంశం ఇదీ: "ప్రాణాలు కాపాడే పనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఎమర్జెన్సీలో ఏ రూలైనా దాటొచ్చని పార్ట్ 107లోనే ఉంది. వేవర్ (రూలు నుంచి ముందస్తు మినహాయింపు) కోసం కూర్చుంటే మూడు నెలలు. ఫైర్, పోలీసు డ్రోన్లకు అసలు రూల్సే లేవు. రాత్రి ఎగరేయాలన్నా వేవరే. అయినా అరచేతిలో పట్టే డ్రోన్ ఎవరినేం చేస్తుంది?" మంచి మనసుతోనే పంపుతున్నారు, కాదనను. కానీ ఇందులో సగం తప్పు, మిగతా సగం పాతబడింది.

మొదటిది, "పార్ట్ 107లోనే ఉంది" అన్న మాట. పార్ట్ 107 అంటే చిన్న డ్రోన్లకు అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ పెట్టిన రూల్స్. అందులో ఉంది, సెక్షన్ 107.21. అయితే అది చెప్పేది ఇన్-ఫ్లైట్ ఎమర్జెన్సీ గురించి, అంటే ఎగురుతున్న మీ డ్రోన్‌కు ఎదురైన ఆపద గురించి. ఉన్నట్టుండి ఎదురుగా హెలికాప్టర్ వచ్చింది, తప్పించబోయి జనం మీదుగా తిప్పాల్సి వచ్చింది అనుకోండి. అలాంటప్పుడు రూలు దాటొచ్చు, అదీ ఆ గండం గడవడానికి ఎంత అవసరమో అంతవరకే. ఎఫ్ఏఏ అడిగితే రాతపూర్వకంగా వివరణ ఇవ్వాలి. కింద ఎవరో తప్పిపోయారనో, ఇళ్లు మునిగాయనో డ్రోన్‌ను పైకి లేపడానికి ఈ సెక్షన్ పనికిరాదు. ఇంకా నేల మీదున్న డ్రోన్‌కు ఇన్-ఫ్లైట్ ఎమర్జెన్సీ ఎక్కడిది?

మూడు నెలల సంగతి. మామూలు వేవర్ దరఖాస్తును 90 రోజుల్లో తేల్చాలన్నది ఎఫ్ఏఏ పెట్టుకున్న లక్ష్యం. అది ముందుగా ప్లాన్ చేసుకున్న పనులకు. విపత్తులకు వేరే దారి ఉంది, ఎస్‌జీఐ (స్పెషల్ గవర్నమెంటల్ ఇంటరెస్ట్) అంటారు. మంటలార్పడం, గాలింపు, పోలీసు పని, కరెంటు లైన్ల పునరుద్ధరణ లాంటివి ఇందులోకి వస్తాయి. ఎక్కడ, ఎంత పరిధిలో, ఎంత ఎత్తులో, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అన్నది ఫారంలో నింపి ఈమెయిల్ చేస్తే, ఒప్పుకున్నాక మీ దగ్గరున్న పైలట్ సర్టిఫికెట్‌కో, సీఓఏకో (ప్రభుత్వ విభాగాల డ్రోన్లకు ఎఫ్ఏఏ ఇచ్చే అనుమతి పత్రం) సవరణ జోడిస్తారు. 2017లో హార్వీ తుఫాను వరదలప్పుడు అనుమతులు గంటల్లోనే వచ్చాయి. కాకపోతే పార్ట్ 107 పైలట్ సర్టిఫికెట్ గానీ సీఓఏ గానీ ముందే చేతిలో ఉండాలి. వరద వచ్చాక పరీక్ష రాస్తామంటే కుదరదు.

మామూలు వేవర్ దరఖాస్తులు తిరిగొచ్చేది ఎక్కువగా జవాబులు సరిగా రాయకపోవడం వల్లేనని నా అభిప్రాయం. కంటికి కనిపించనంత దూరం పంపడానికి అడుగుతున్నారనుకోండి. డ్రోన్ ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో మీకెలా తెలుస్తుంది? వేరే విమానం వస్తే ఎలా పసిగడతారు, ఎలా తప్పుకుంటారు? దానికి జవాబుగా "మా పైలట్లు అనుభవజ్ఞులు, జాగ్రత్తగా ఉంటారు" అని రాస్తే ఎవరిస్తారు? అబ్జర్వర్‌ను ఎక్కడ నిలబెడతారో, లింక్ తెగితే డ్రోన్ ఏం చేస్తుందో రాయాలి. సిబ్బంది తక్కువున్న చిన్న ఫైర్ స్టేషన్‌కు ఈ కాగితాల పని భారమే, ఆ ఫిర్యాదులో న్యాయముంది. అందుకే అది తీరిక ఉన్న రోజుల్లో చేసిపెట్టుకోవాలి.

ప్రభుత్వ డ్రోన్లకు రూల్సే లేవన్నది శుద్ధ అబద్ధం. ఆ విభాగాలు పార్ట్ 107 కింద ఎగరేయొచ్చు, లేదా సీఓఏ తీసుకుని పార్ట్ 91 (విమానాలకు వర్తించే సాధారణ రూల్స్) కింద ఎగరేయొచ్చు. రెండూ రూల్సే. ప్రాణం మీదికొచ్చిన సందర్భంలో చూపు దాటి పంపడానికి 2020లో టీబీవీఎల్ఓఎస్ అనే వేవర్ తెచ్చారు. దానికీ కొలతలున్నాయి: పైలట్ నుంచి 1,500 అడుగులు దాటకూడదు, దగ్గర్లోని కట్టడానికి 50 అడుగులకు మించి పైకి, 400 అడుగులకు మించి పక్కకు పోకూడదు, ఎలా చూసినా నేల నుంచి 400 అడుగులు మించకూడదు. ఇంత గీసి ఎందుకిచ్చారంటే, కట్టడాలను అంటిపెట్టుకుని ఎగిరే చోట విమానాలు తిరగవు కాబట్టి.

రాత్రి వేవర్ 2021 ఏప్రిల్‌లోనే పోయింది. మూడు మైళ్ల దూరానికి కనిపించే యాంటీ-కొలిజన్ లైటు, కొత్త ట్రైనింగ్ ఉంటే చాలు.

చిన్న డ్రోన్ ఏం చేస్తుందన్నదానికి జవాబు 2025 జనవరి 9న లాస్ ఏంజెలిస్‌లో దొరికింది. పాలిసేడ్స్ కార్చిచ్చు మీద నీళ్లు చల్లుతున్న సూపర్ స్కూపర్ విమానం రెక్కకు ఒక డ్రోన్ బొక్క పెట్టింది. శాంటా మోనికాలో ఒక పార్కింగ్ భవనం పైనుంచి లేచి, దాదాపు 2,500 మీటర్లు పోయి, ఎగరేసినవాడి కంటికి కనబడకుండా పోయిన డ్రోన్ అది. విమానం క్షేమంగా దిగింది కానీ, మంటలు చుట్టుముట్టిన సమయంలో రిపేరుకు వెళ్లి కూర్చుంది. అక్కడ అప్పటికే విమాన నిషేధం అమల్లో ఉంది. అలాంటి చోట సాయం చేయాలనుకునేవారు ముందు అక్కడి ఇన్సిడెంట్ కమాండ్‌ను, అంటే సహాయ చర్యలు నడిపించే బృందాన్ని కలవాలి. వాళ్లు వద్దంటే డ్రోన్‌ను కారు డిక్కీలోంచి బయటికే తీయొద్దు. ఫెడరల్ భూముల్లో మంటలార్పే పనికి అడ్డొస్తే ఏడాది వరకు జైలు, పైగా ఎఫ్ఏఏ 75,000 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు.