గర్భసంచి తీశాక ఆమెను ఎవరు అడిగారు?

మే నెలలో కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లెలో, విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్న ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. గింజల్లో పొట్టు కలిపిందని ఒకామె కూతురి మీద చేట విసిరికొట్టింది. మరుక్షణం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ఏమిటికి అరిచినానో నాకే తెలీదక్కా. రాత్రంతా ఒళ్లు సెగలు, కన్ను మూతపడదు" అంది. "గాలి సోకినట్టుంది, తాయెత్తు కట్టించాల" అని పక్కనున్నామె తేల్చేసింది. ఆ తల్లికి 38 ఏళ్లు. ఆరేళ్ల కిందట గర్భసంచి తీయించుకుంది.

ముట్లుడిగే వయసులో వచ్చే కోపాన్ని, ఏడుపును మన ఇళ్లల్లో గయ్యాళితనం కింద జమకడతారు. ఇది అన్యాయం. ఆడవాళ్ల ఒంట్లో ఉండే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఆ వయసులో ఒక్కసారిగా తగ్గదు, కొన్నేళ్లపాటు పెరుగుతూ పడుతూ ఉంటుంది. మనసును నిలకడగా ఉంచే సెరటోనిన్ అనే మెదడు రసాయనం మీద దాని ప్రభావం ఉంటుంది. రాత్రి సెగలకు నిద్ర చెడుతుంది. వారాల తరబడి నిద్ర లేని మనిషిని తెల్లారే లేచి ఓపిగ్గా ఉండమంటే ఎలా ఉంటుంది? అంతకుముందు ఏ దిగులూ ఎరగని వాళ్లకు కూడా ఈ దశలో డిప్రెషన్ రావచ్చు.

మా అవ్వలు ఇవన్నీ దాటలేదా, ప్రకృతి సహజమైన దాన్ని జబ్బు చేస్తారెందుకు అంటారు కొందరు. దాటారు, నిజమే. ఎలా దాటారో మాత్రం వాళ్లను ఎవరూ అడగలేదు. కాన్పు కూడా సహజమే, దానికి ఆసుపత్రికి పోవడం లేదా?

అయినా మన దగ్గర అసలు సంగతి ప్రకృతి కూడా కాదు, కత్తి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి 3 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. దేశం మొత్తమ్మీద ఆ ఆపరేషన్ నాటికి వాళ్లలో సగం మంది 34 ఏళ్లు దాటనివాళ్లే. తెల్లబట్టకో, అధిక రక్తస్రావానికో మందులతో చూడాల్సిన చోట కూడా "పిల్లలు చాలు కదమ్మా, తీసేస్తే పీడ పోతుంది" అన్న మాటకు తలూపి బల్లెక్కినవాళ్లు ఎందరో.

పీడ పోలేదు. అండాశయాలు కూడా తీసేస్తే ఏళ్ల మీద రావాల్సిన మార్పు రోజుల్లో వచ్చి పడుతుంది. వాటిని ఉంచినా కొందరికి ఆ దశ ముందే వస్తుంది. అప్పటికే ముట్లు లేవు కాబట్టి, ఇది అదేనని గుర్తుపట్టే ఆనవాలు కూడా ఆమెకు మిగలదు. చిన్న వయసులో అండాశయాలు పోయినవాళ్లకు, రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకులు లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ మందులు ఇవ్వాలన్నది వైద్యంలో స్థిరపడిన మాట. ఎముకల కోసమైనా ఇవ్వాలి. చేట విసిరిన ఆ తల్లికి అండాశయాలు ఉన్నాయో తీసేశారో కూడా తెలియదు. డిశ్చార్జి కాగితం ఇంట్లో ఎక్కడో పోయింది.

అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను 3 నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మంచిదే. ఇప్పటికే కోత పడినవాళ్ల మాటేమిటి?

నా కోపం ఇక్కడే. మన ఆరోగ్య వ్యవస్థ ఆడదాన్ని కడుపుతోనే గుర్తుపడుతుంది. గర్భం నిలిస్తే కార్డు రాస్తుంది, కాన్పు అయితే లెక్క కడుతుంది, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కాగానే పేరు మీద గీత కొట్టేస్తుంది. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మందికి ఆ ఆపరేషన్ అయిపోయింది, చాలామందికి ఇరవైల్లోనే. మిగిలిన నలభై ఏళ్ల బతుకులో బీపీ, షుగర్ తప్ప ఆమెను అడిగేదేమీ లేదు.

బీపీ చూడటానికి ఎలాగూ ఇంటికి వస్తున్న ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఇంకో మూడు మాటలు అడగాలి. ముట్లు ఎప్పుడు ఆగాయి? గర్భసంచి తీశారా, అండాశయాలతో సహానా? నిద్ర పడుతోందా? జవాబు తేడాగా ఉంటే థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించి అనంతపురమో కర్నూలో పెద్దాసుపత్రికి చీటీ రాయాలి. మనసు మరీ కుంగితే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్ 14416కు ఫోన్ కలిపి ఆమె చేతికివ్వాలి, అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ పల్లెలో తాయెత్తు కట్టే మనిషి మాత్రం ఆమెను ఈ మూడింట్లో ఒకటి అడిగాడట, నిద్ర పడుతోందా అని.