మార్చి నెల గారికి, పార్కు నుంచి

మార్చి గారూ,

బెంగళూరులో తమరి రాకను టబెబూయా పూలు చెబుతాయని ఫొటోలు తీసేవాళ్లంటారు. మా లేఅవుట్ పార్కులో మాత్రం టైల్స్ లారీ రివర్స్‌లో వస్తూ కూసే కూత చెబుతుంది. నిరుడు పరిచిన ఎర్ర టైల్స్ ఇంకా నిగనిగలాడుతూనే ఉన్నాయి. వాటిని గడ్డపారతో పెళ్లగించి పసుపువి వేస్తున్నారు. ఎందుకండీ అంటే ఇంజనీరు గారు నన్ను జాలిగా చూసి, "31 లోపు ఖర్చు పెట్టకపోతే నిధులు మురిగిపోతాయి సార్" అన్నారు.

పార్కన్నాక మురగాల్సినవి కొన్ని ఉంటాయి. రాలిన ఆకు మురిగితే ఎరువు. దాన్నేమో గోతాల్లో కుక్కి బయటికి పంపేస్తారు. మురగకూడనిది డబ్బొక్కటే!

ఇక మొక్కలు. తమరి ఆఖరి వారంలోనే దిగుతాయి, దిగగానే ఫొటో కూడా దిగుతాయి. నైరుతి వాన మామూలుగా జూన్‌లో గానీ రాదు. 2024లో తమరి ఏలుబడిలోనే, తోటలకు తాగునీరు పోస్తే 5,000 రూపాయల జరిమానా అన్నారు, గుర్తుందా? నాటడానికి పద్దు ఉంది, తడపడానికి లేదు. మే నాటికి పుల్లలు మిగులుతాయి. ఆ గుంతల్లోకే మళ్లీ తమరు దయచేస్తారు, అదే ఎస్టిమేటుతో.

మా మాలిది హిందూపురం వైపు. "వానలు పడినాక ఇచ్చింటే నేను బతికించేవాణ్ణి గదన్నా" అంటాడు. అతని చేతిలోని పైపుకు మూడు చోట్ల సైకిల్ ట్యూబు కట్లు. నాలుగో చోట బొటనవేలు అడ్డం పెట్టి తడుపుతాడు. కొత్త పైపు అడిగితే అది మెయింటెనెన్స్ కిందికి వస్తుందట, అందులో పైసా లేదట. టైల్స్ అయితే 'పనుల' కిందికి వస్తాయట.

మా ఊళ్లోని లాల్‌బాగ్ తోటను హైదర్ అలీ 1760లో మొదలుపెట్టాడు. ఏప్రిల్‌తో మొదలై తమరితో ముగిసే సర్కారీ లెక్కల ఏడాది 1867లో గానీ రాలేదు. ఆ నూట ఏడేళ్ల సందులో అక్కడి చెట్లు గుట్టుచప్పుడు కాకుండా ఎదిగిపోయాయి. ఇప్పటికీ అక్కడి పూల ప్రదర్శనలు జనవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి. ఆ పూలు తమరి జోలికి రావు.

తమర్ని రావద్దనడం లేదు, ఉగాదిని కూడా చాలా ఏళ్లు తమరే తెస్తారు. ఒక్క మనవి: ఈసారి లారీలో టైల్స్ సందున యాభై అడుగుల పైపొకటి పడేయించండి. బిల్లులో దాన్ని కూడా టైల్స్ అనే రాసుకోండి. మేమెవరం లెక్కపెట్టం.

ఇట్లు,
రోజూ ఏడు చుట్లు తిరుగుతూ, నిన్న అయిదో చుట్టులో లేచిన పసుపు టైలు తగిలి కాలిగోరు పోగొట్టుకున్నవాడు