సైకిలు వాళ్లతో వచ్చిన చిక్కు

హైదరాబాద్‌లో, ముఖ్యంగా ఐటీ కారిడార్‌లో, ట్రాఫిక్ ఎందుకు కదలడం లేదో ఇన్నాళ్లకు తేలింది. రాయదుర్గం నుంచి గచ్చిబౌలి దాకా ఒక్కో కారులో ఒక్కో మనిషి చొప్పున బారులు తీరిన మనం కారణం కాదు. ఫుట్‌పాత్ మీద మిర్చి బజ్జీల బండి, దాని ముందు బైకులు, వాటి పక్కన ఇండికేటర్లు వేసి వదిలేసిన పెద్ద కారు, అవీ కారణం కాదు. ఎడమ వారగా, కాలవ గట్టు మీద నడిచినట్టు ఒదిగి ఒదిగి పోతున్నాడు చూడండి సైకిలు మీద, అతనే. మూరెడు రోడ్డు ఆక్రమించాడు. ఆ మూరెడులో మన కారు పట్టదనుకోండి, అది వేరే సంగతి.

అడ్డమొచ్చినా భరించొచ్చు. హారన్ కొట్టి, పక్కకు నెట్టినంత పని చేసి, అద్దంలోంచి ఓ చూపు చూసి మనం దూసుకెళ్తాం. తరవాతి సిగ్నల్ దగ్గర అతను నింపాదిగా వచ్చి మన పక్కనే కాలు కింద పెడతాడు. ఆ పై సిగ్నల్ దగ్గరా అంతే. నెలనెలా కారుకు ఈఎంఐ కట్టేవాడికి ఇది ఎంత మనస్తాపం కలిగిస్తుందో ప్రభుత్వం ఆలోచించాలి.

లైసెన్స్ లేదు, నంబర్ ప్లేట్ లేదు, ఇన్సూరెన్స్ అసలే లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం లెక్కలో సైకిలు మోటారు వాహనమే కాదు. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదట. పొగ లేదని ఎంత పొగరో!

పైగా హారన్ లేదు. మన దగ్గర హారన్ లేని బతుకు ఉంటుందా? సిగ్నల్ పచ్చబడక ముందే వెనకవాడు కొట్టేది అదే, వాచ్‌మన్‌ని గేటు తీయమనేదీ అదే. అంత మోతలో ఎవరో ట్రింగ్ అంటే, అద్దాలెత్తి ఏసీలో పాటలు వింటున్నవాళ్లకు ఏం వినపడుతుంది?

వానాకాలం మరో పేచీ. నీళ్లన్నీ ఎడమ వారకే చేరతాయి. ఇసుకా, గాజు పెంకులూ, కుంగిపోయిన మ్యాన్‌హోల్ మూతలూ అక్కడే. సరిగ్గా ఆ వారనే మనం సైకిళ్లకు వదిలేశాం. ఇందులో పక్షపాతమేమీ లేదు, రోడ్డు వాలు అలా ఉంటుంది. గుంట తప్పించడానికి కాస్త కుడికి జరిగితే మాత్రం అద్దం దించి "చావాలని ఉందా?" అని యోగక్షేమాలు అడుగుతూనే ఉన్నాం.

యూటర్నుల గొడవ సరేసరి. కూడళ్లు మూసేసి ఎక్కడో దూరంగా యూటర్న్ పెడితే మనం యాక్సిలరేటర్ మీద పాదం ఇంకాస్త నొక్కుతాం, అంతే. అతను పిక్కలతో తొక్కాలి. కొందరైతే దిగి, సైకిలుని భుజానికెత్తుకుని డివైడర్ దాటేస్తున్నారు. వాహనం మనిషిని మోయాలి గానీ ఇదెక్కడి చోద్యం?

ఇంత చేసి ఆఫీసు చేరితే గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు అడుగుతాడు.

"బండి నంబర్ చెప్పండి సార్."

"సైకిలుకి నంబర్ ఉండదు కదా అన్నా."

"నంబర్ లేకపోతే రిజిస్టర్‌లో ఎట్ల రాయాలె సార్?"

న్యాయమైన ప్రశ్న. ఆ గార్డు తన సైకిలుని జెనరేటర్ గది వెనక పెట్టుకుంటాడు. దాన్నీ రిజిస్టర్‌లో రాయడు.

సైకిలంటే మనకు గౌరవం లేదనకండి. ఓటింగ్ యంత్రం మీద సైకిలు గుర్తుకు గుద్దీ గుద్దీ చేయి తిరిగిన జాతి మనది. ఆ అలవాటు అప్పుడప్పుడు రోడ్డు మీద కూడా బయటపడుతుంది, ఏం చేస్తాం! ఆదివారం పొద్దున బిగుతు బట్టలేసుకుని, లక్ష రూపాయల సైకిలెక్కి సెల్ఫీ పెడితే లైక్ కొట్టేది కూడా మనమే. ఏటా జూన్ 3న, ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు, ముందు పోలీసు జీపు, వెనక అంబులెన్సు పెట్టుకుని ప్రముఖులు తొక్కితే చప్పట్లు కొడతాం. ఫొటోలయ్యాక ఎవరి కారు వాళ్లెక్కుతారు. అదీ పద్ధతి.

మన అభ్యంతరమల్లా మిగతావాళ్ల మీదే. నైట్ డ్యూటీ దిగిన వాచ్‌మన్, పేపర్లు వేసే కుర్రాడు, హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా తగిలించుకున్న తాపీ మేస్త్రి. వీళ్లెవరూ ఆరోగ్యం కోసం తొక్కడం లేదు. పనికి పోతున్నారు! సైకిలు మీద పనికి పోవడమేంటి, అదీ మనం పనికి పోయే వేళకి?

వీళ్ల కోసం ఏమీ చేయలేదా అంటే, చేశారు. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. నెత్తిన ఎండ పడకుండా సోలార్ పలకల కప్పు, దాని నుంచి 16 మెగావాట్ల కరెంటు. ఇల్లు కూకట్‌పల్లిలో, పని మాదాపూర్‌లో ఉంటే ట్రాక్ నార్సింగిలో ఉందేమిటని కొందరు సణుగుతారు. ట్రాక్ ఉన్నది సైకిలు తొక్కడానికి, ఎక్కడికో పోవడానికి కాదు. తెలిసినవాళ్లు కారు వెనక సైకిలు కట్టుకుని అక్కడిదాకా వెళ్లి, దించి, తొక్కి, మళ్లీ కట్టుకుని అదే ట్రాఫిక్‌లో ఇల్లు చేరుతున్నారు.

మన తాపీ మేస్త్రికి ఏం తక్కువ? కారు లేకపోతే ట్రాలీ ఆటో మాట్లాడుకోవాలి. పొద్దున్నే సైకిలుని నార్సింగిలో దించుకుని, ఓ గంట చల్లగా తొక్కి, అదే ఆటోలో మాదాపూర్ వచ్చి గోడ కట్టుకోవచ్చు. రానూపోనూ కిరాయి మాత్రం ముందే తేల్చుకోవాలి, వెయిటింగ్‌కి వాళ్లు వేరే అడుగుతారు.