పదిన్నరకు పిల్లల చేతిలో ఏం పెట్టాలి?

వదిన ఖమ్మం జిల్లాలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక బడిలో ఒకటో తరగతికి చెబుతారు. మరిది హైదరాబాద్‌లో పిల్లల పళ్ళ డాక్టరు. చిన్నపిల్లలకు బడి మధ్యలో, మధ్యాహ్న భోజనానికి ముందు, ఏదైనా తినే టైమ్ ఇవ్వాలా వద్దా అన్నదే వాదన. నా మొగ్గు వదిన వైపే. కానీ మరిది మాటల్లో కొట్టిపారేయలేనివి చాలా ఉన్నాయి.

మరిది: మా పాప స్కూల్లో పదింబావుకి స్నాక్స్ బ్రేక్ వదినా. ఎనిమిదింటికి ఇడ్లీ తిని వెళ్తుంది. రెండు గంటలు దాటాయో లేదో, క్రీమ్ బిస్కెట్లు, కప్ కేకు. ఇక పన్నెండున్నరకు ఆకలెక్కడ వేస్తుంది? పప్పన్నం బాక్సు సాయంత్రం అలాగే వెనక్కి వస్తుంది. ఆ బ్రేక్ ఎవరి కోసం పెట్టారో నాకు అర్థం కాదు.

వదిన: మీ పాప ఇడ్లీ తిని వెళ్తుంది. మా ఊళ్ళో ఇప్పుడు మిరపకోతలు. తల్లులు ఏడింటికల్లా ఆటో ఎక్కేస్తారు. ఆలోపు వంటయితే అయినట్టు, లేకపోతే పిల్లలు చాయ్‌లో రస్కు ముంచుకుని తిని బడికొస్తారు. ఆ రస్కు మీదే పన్నెండున్నర దాకా ఉండాలి. పదిన్నరయ్యేసరికి గోడ పక్కన కూర్చున్న పిల్లాడు పలక మీద తల వాల్చేస్తాడు. ఏంట్రా అంటే నిద్రొస్తోందంటాడు. ఆకలేస్తోందని చెప్పడం వాడికి తోచదు. వాడి పక్కనున్న పిల్ల రాయాల్సిన బలపాన్ని కొరుక్కుని నమిలేస్తుంటుంది. ‘అ’ సగం దిద్దేసరికి బలపం సగమే మిగులుతుంది.

మరిది: బలపం తినడం వట్టి ఆకలి కాకపోవచ్చు వదినా. ఐరన్ తక్కువైన పిల్లలు మట్టి, సుద్ద, బలపం తింటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని తేలింది. పైగా మీరు చెప్పిన ఆ చాయ్ ఉందే, అది తిండిలోని ఐరన్‌ను ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. ఆ పిల్లకు ముందు రక్తపరీక్ష చేయించండి. పదిన్నరకు బెల్లు కొట్టి బిస్కెట్ పెడితే అది తీరే సమస్య కాదు.

వదిన: పరీక్ష చేయిస్తాను. కానీ బిస్కెట్ పెట్టమని నేనెప్పుడన్నాను?

మరిది: మీరు అనకపోయినా జరిగేది అదే. నా దగ్గరికొచ్చే పిల్లల నోళ్ళు చూస్తే మీకే తెలుస్తుంది. పిండిపదార్థం, తీపి తిన్న ప్రతిసారీ నోట్లోని బ్యాక్టీరియా యాసిడ్ తయారుచేస్తుంది. అరగంట దాకా పన్ను దాన్ని భరించాలి. అందుకే ఎంత తిన్నారన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది పళ్ళకు ముఖ్యం. ఆరో ఏట పాలపళ్ళ వెనకాల ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. దానికోసం ఏ పాలపన్నూ ఊడదు కాబట్టి అమ్మానాన్నలు గమనించరు, అదీ పాలపన్నే అనుకుంటారు. జన్మంతా నమలాల్సిన పన్ను అది. ఏడేళ్ళకే గుంటపడి నల్లబడ్డ ఆ పన్నుతో పిల్లలు వస్తుంటే బాధేస్తుంది. బిస్కెట్ ముద్ద ఆ గాడుల్లో ఇరుక్కుంటే నాలుకతో తీసుకోవడం కూడా రాదు వాళ్ళకి.

వదిన: నీ మాట నిజమే. తిన్నాక పుక్కిలించమని కుళాయి దగ్గర నిలబెట్టడం మా పని, అది చేస్తాం. మరి బెల్లు లేకపోతే పిల్లలు తినడం మానేస్తున్నారా? కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020లోనే ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది. మా గేటు ఎదురుగానే కొట్టుంది, దండలు దండలుగా ఐదు రూపాయల ప్యాకెట్లు వేలాడుతుంటాయి. ఇంటర్వెల్ కాగానే డబ్బులున్న పిల్లాడు అక్కడికి పరిగెత్తుతాడు. లేనివాడు వాడి చేతివంక చూస్తూ నిలబడతాడు.

మరిది: నా అసలు అభ్యంతరం అక్కడే ఉంది. స్నాక్ టైమ్ అంటే ఇంటి నుంచి తెచ్చుకోమనే కదా. ఎవరు తెచ్చారో ఎవరు తేలేదో రోజూ క్లాసంతా చూస్తుంది. సుప్రీంకోర్టు 2001లో బడుల్లో వండిన భోజనమే పెట్టమన్నాక, అందరూ ఒకే వరసలో కూర్చుని ఒకే అన్నం తింటున్నారు. ఆ వరసను మీరే చెడగొడతారా?

వదిన: తెచ్చుకోమనే బెల్లయితే నేనే ముందు వద్దంటాను. పెడితే బడే పెట్టాలి, అందరికీ ఒకటే పెట్టాలి. 2020 జాతీయ విద్యా విధానంలోనూ రాశారుగా, పొద్దున అల్పాహారం పెట్టాలని, వేడిగా వండలేని చోట పల్లీలో శనగలో బెల్లంతో, లేదా అక్కడ దొరికే పళ్ళు ఇవ్వొచ్చని. పక్కన ఆంధ్రాలో 2023 మార్చిలో వారానికి మూడు రోజులు రాగి జావ మొదలుపెట్టారు.

మరిది: అయితే అల్పాహారమే అడగండి. తమిళనాడులో 2022 సెప్టెంబరులో ఒకటి నుంచి ఐదు తరగతులకు మొదలుపెట్టారు, పాఠాలకు ముందే టిఫిన్ అయిపోతుంది. మన దగ్గరా 2023 అక్టోబరులో మొదలైంది. కడుపునిండా ఒకసారి తిని, మళ్ళీ భోజనం దాకా నోటికి విశ్రాంతి ఇవ్వడం మేలు.

వదిన: అది మా బడి దాకా రాలేదు. వచ్చినా నాకొక దిగులుంది. తల్లి కూలికి వెళ్ళాక చెల్లెల్ని అంగన్‌వాడీలో దించి వచ్చే పిల్ల ఒకతి ఉంది. బడికొచ్చేసరికి తొమ్మిదింబావు దాటుతుంది. ఆపాటికి టిఫిన్ గిన్నెలు కడిగేసి ఉంటారు. ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ళే ఆలస్యంగా వస్తారయ్యా! పదిన్నరకైతే అందరూ ఉంటారు.

(ఈ ఒక్క మాటకే నేను వదిన వైపు మొగ్గాను. బయటి నుంచి చూసేవాళ్ళకు తట్టని సంగతి ఇది.)

మరిది: వండేదెవరు? ఉన్న బిల్లులే నెలల తరబడి ఆగుతున్నాయని మీరే అంటారు.

వదిన: రాత్రి శనగలు నానబెట్టి పొద్దున ఒక పొయ్యి మీద ఉడికిస్తే గుగ్గిళ్ళయిపోతాయి. మనిషికి 25 గ్రాముల శనగలు, 40 మందికి రోజుకి కిలో. సుమారు 80 కేలరీలు, నాలుగు గ్రాముల పైన ప్రోటీన్. మధ్యాహ్న భోజనం లెక్క 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్. దాని ముందు ఇది గుప్పెడే, అన్నం మీద ఆకలి చావదు. వంటావిడకు మాత్రం ఈ పనికి విడిగా డబ్బివ్వాలి, ఊరికే చెయ్యమనడం అన్యాయం.

మరిది: గుగ్గిళ్ళయితే పళ్ళ డాక్టరుగా నాకు పేచీ లేదు. పల్లీపట్టీ మాత్రం వద్దు, ఆ పాకం పంటికి అతుక్కుంటుంది. అంగన్‌వాడీ పిల్లలకు శనగలైనా సరే మెత్తగా చిదిమి పెట్టాలి. నాలుగేళ్ళ లోపు వాళ్ళకు గుండ్రటి గింజలు గొంతులో అడ్డం పడతాయి. కానీ మా పాప స్కూల్లో బ్రేక్ దండగే అంటాను. రెండుంబావు గంటల క్రితం తిన్న పిల్లకు మంచినీళ్ళు చాలు. ఇందులో నేను తగ్గను.

వదిన: ఇడ్లీ తినకుండా వచ్చిన పిల్ల ఆ క్లాసులో ఒక్కతీ లేదని నువ్వు చెప్పగలవా? బ్రేక్ తీసెయ్యమనకు. బాక్సులో ఏముండాలో గట్టిగా చెప్పమని స్కూలు వాళ్ళనడుగు.

మరిది: బాక్సు సంగతి అడుగుతాను. బ్రేక్ మాత్రం దండగే.

వదిన: వచ్చే నెల ఒంటిపూట బడులు. ఎనిమిదింటికే బడి, అన్నం మళ్ళీ పన్నెండున్నరకే. ఈలోపే శనగల సంగతి తేల్చాలి. సోమవారం బడి కమిటీలో మాట్లాడుతున్నాను. నువ్వూ రా, తల్లులు నీ మాట వింటారు.

మరిది: వస్తాను. ముందు పిల్లలందరి పళ్ళూ చూస్తాను, ఆ తర్వాతే శనగల మాట.